పసుపుమట్టి పేట పటం

మెక్సికో నగరానికి నాలుగు రోజుల నడక దూరంలో ఉన్న షాల్టెంకోలో పటాలు గీసే ఇళ్ళు ఒకప్పుడు తొమ్మిది ఉండేవి. పెద్ద జబ్బు వచ్చి పోయాక బల్తసార్ ఇల్లొక్కటే మిగిలింది. అతని తండ్రి పాత ప్రభువుల ఏలుబడిలో పుట్టి, చిన్నతనంలో సముద్రం మీదుగా గడ్డాల స్పెయిన్‌వాళ్ళు రావడం చూసి, ముసలితనంలో పాదిరీల గోడల మీద దేవదూతల రెక్కలు గీస్తూ పోయాడు. కొండనీ ఏటినీ ఇంటినీ మనిషినీ పాత పద్ధతిలో బొమ్మ కట్టడం బల్తసార్ ఆ తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. స్పెయిన్ అక్షరాలు పాదిరీల బడిలో వచ్చాయి. ఆ భాష చదవగలడు, కూడబలుక్కుని నాలుగు ముక్కలు మాట్లాడగలడు. యాభై దాటినా చెయ్యి వణకదు. ఆ సంగతి అతనికి తెలుసు. పదిమందికీ తెలిస్తే బాగుండునన్న కోరిక కూడా లోపల ఉండేది.

ముక్కుల్లోంచీ చెవుల్లోంచీ నెత్తురు కారి నాలుగు రోజుల్లో ప్రాణం తీసే జబ్బు అది. రెండు వానాకాలాలు ఊరి మీదే కూర్చుంది. తొమ్మిది వందల గడపల ఊళ్ళో రెండు వందలు మిగిలాయి. అయినా మెక్సికో నగరంలో చర్చి కట్టడానికీ, చెరువు గట్లు వేయడానికీ వారానికి నలభై మందిని పంపాలన్న ఆజ్ఞ మాత్రం మారలేదు. పోయినవాళ్ళ వంతు కూడా ఉన్నవాళ్ళే చేసి రావాలి. బల్తసార్ అల్లుడు మాతియాస్ నగరం నుంచి వచ్చి వీపు ఆరకముందే మళ్ళీ పిలుపు వచ్చేది.

జబ్బు తగ్గిన ఆరో ఏడు, మొక్కజొన్న కంకులు గట్టిపడే రోజుల్లో, ఊరి పెద్ద దోన్ తొరిబియో బల్తసార్‌కి కబురు చేశాడు. తొరిబియో స్పెయిన్ వాళ్ళ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళు నేలకి అందడం లేదు. నెత్తిన కొత్త ఉన్ని టోపీ ఉంది.

"రావయ్యా. నీ చేతికి పనొచ్చింది" అన్నాడు. "పసుపుమట్టి పేట పటం గీయాలి. వైస్రాయిగారి దగ్గర్నుంచి కాగితం వచ్చింది. బర్రియెంతోస్ అనే స్పెయిన్‌వాడు అక్కడ గొర్రెల మంద పెట్టుకుంటానని అడిగాడట."

"ఆ పేట మనది కదా, దొరా."

"కాదని ఎవరన్నారు? మనకి నష్టమా కాదా అని చూడ్డానికే జిల్లా అధికారి వస్తున్నాడు. పటం ఉండాలి, సాక్షులు ఉండాలి, పూజ తర్వాత అందరిముందూ చాటించాలి. అంతా పద్ధతి ప్రకారమే."

"మీరేమంటారు మరి?"

"నేననేదేముంది? ఉన్నదున్నట్టు గీయి. నువ్వు ప్రమాణం చేసి చెప్పాలి. అబద్ధం గీస్తే వీపు చిట్లుతుంది, నీదీ నాదీ కూడా." తొరిబియో టోపీ తీసి అంచు సవరించి మళ్ళీ పెట్టుకున్నాడు. అది ఎవరిచ్చారో బల్తసార్ అడగలేదు.

ఇంటికొచ్చి భార్య ఇనెస్‌తో చెప్పాడు. ఆవిడ రాతి మీద మొక్కజొన్న పిండి రుబ్బుతోంది.

"నాలుగేళ్ళయింది కుంచె ముట్టి" అన్నాడు. "ఆ పటం వైస్రాయి చూస్తాడు. ఆయన చూస్తే రాజుగారి దాకా పోతుంది. ఎంతమంది పోయారో ఇన్నాళ్ళూ ఎవరైనా చెప్పారా వాళ్ళకి? మనవాళ్ళు మొత్తుకుంటే అబద్ధమన్నారు. బొమ్మలో చూస్తే అబద్ధమనలేరు. నలభై మందిని పదిహేను మందికి దించుతారు. మాతియాస్ ఇంటిపట్టున ఉంటాడు."

"రాజుగారికి మన పొయ్యిలు లెక్కపెట్టడమే పనా?" అంది ఇనెస్. కానీ మర్నాడు తనే నాగజెముడు పొదల్లోకి వెళ్ళి, ఎర్ర రంగుకి పురుగులు దులిపి తెచ్చింది. దేవదారు చెక్కలు కాల్చి మసి పట్టింది.

పసుపుమట్టి పేట ఊరికి ఉత్తరంగా, పొద్దున బయల్దేరితే ఎండ ముదిరేలోపు చేరేంత దూరం. బల్తసార్ అక్క మార్తాని ఆ పేటలోనే ఇచ్చారు. మార్తా, ఆవిడ భర్త, ఐదుగురు పిల్లలు ఒకే నెలలో పోయారు. ఇప్పుడు ఆ పేటలో నాలుగు ఇళ్ళలోనే పొయ్యి వెలుగుతోంది. అందులో ఒకటి మార్తా ఆడబిడ్డ త్లాకోది. అరవై ఏళ్ళ విధవరాలు. రెండు కుక్కలతో, నలభై కిత్తలి మొక్కలతో, తన చేనూ చచ్చిపోయిన అన్న చేనూ కలిపి ఒంటిచేత్తో సాగుచేస్తోంది. అతను వెళ్ళేసరికి కిత్తలి బొడ్డులోంచి తియ్యనీళ్ళు సొరకాయ బుర్రలోకి పీలుస్తోంది.

"ఏం మరిదీ, దారి తప్పావా?" అంది తలెత్తకుండానే.

"పని మీద వచ్చాను, వదినా."

"అంతేలే. ఊరికే వస్తే ఈ పేటకి శాపం తగలదూ."

కూర్చోబెట్టి తియ్యనీళ్ళు పోసింది. మిరపకాయ నూరి రెండు రొట్టెలు పెట్టింది. అతను సంగతంతా చెప్పాడు. ఆవిడ వింటూనే కుక్క చెవిలోంచి గోమారి తీసింది.

"ఏం గీస్తావేంటి?" అంది.

"ఉన్నదే. అరవై ఒక్క ఇళ్ళు. పోయినవాళ్ళని పోయినట్టు."

"పోయినట్టంటే?"

"తెల్లగుడ్డలో చుట్టిన మూట. మూసిన కన్ను. మా నాన్న గీసినట్టే. ఇంటి యజమాని పేరు తెలిపే గుర్తు పైన."

"నాలుగు ఇళ్ళకి?"

"బతికున్న తలకాయలు, తెరిచిన కళ్ళు."

త్లాకో కుక్కని వదిలేసి అతనికేసి తిరిగింది. "నా మాట విను. అరవై ఒక్క ఇళ్ళకీ తెరిచిన కళ్ళే గీయి. కప్పు మీద పొగ గీయి. మా అన్న చేలో నిలువెత్తు పంట ఉంది, చూస్తున్నావుగా, అది గీయి. మీ అక్క గుమ్మంలో టర్కీ కోళ్ళని గీయి."

"అది అబద్ధం కదా, వదినా."

"గొర్రెలవాడికి కావలసింది నిజమా? గడ్డి. ఎవడూ లేడని నువ్వే గీసిస్తే వాడు ఇంకేం అడుగుతాడు?"

"వాడు కాదు చదివేది. వైస్రాయి. రాజు."

"రాజుగారు చదువుతారు" అంది ఆవిడ. "పక్కన నిలబడి నువ్వు చెబుతావు. అంతేనా?"

ప్రమాణం చెయ్యాలన్నాడు అతను. తండ్రి ఎన్నడూ దొంగ పటం గీయలేదన్నాడు. అవి నిజమైన మాటలే. కానీ చెప్పని మాట ఒకటుంది. మార్తాకి జబ్బు తగిలిందని కబురొచ్చిన రోజున అతను బయల్దేరలేదు. గుమ్మం దాకా వచ్చి, ఇనెస్‌ని చూసి, కూతుర్ని చూసి ఆగిపోయాడు. నెల తర్వాత వెళ్ళేసరికి నేల చదునుగా ఉంది. అందర్నీ పాతిపెట్టింది త్లాకోనే. ఒక్క వానాకాలంలో ఇరవై ముగ్గురిని. తను మొయ్యని శవాలని ఒక్కొక్కటిగా కాగితం మీదైనా మోయాలని ఆరేళ్ళుగా అతని చేతులు పీకుతున్నాయి.

పటం గీయడానికి ఏడు రోజులు పట్టింది. చెట్టు బెరడు కాగితం నాలుగు ముక్కలు అతికించి, సున్నంతో నున్నగా చేశాడు. ముందు కొండ పెట్టాడు, తర్వాత నీలం గీతలతో ఊట, అడుగుల ముద్రలతో దారి, దిగువన గంట వేలాడే చర్చి. ఆ తర్వాత ఇళ్ళు. మార్తా ఇంటితో మొదలుపెట్టాడు. పెద్ద మూటలు రెండు, చిన్నవి ఐదు. చిన్నవాటికి కన్ను గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. మూడో రోజుకి చెయ్యి పాత వేగం అందుకుంది. ఐదో రోజుకి, ఇంత మంచి పటం తను ఎన్నడూ గీయలేదని అతనికే తెలిసిపోయింది. తెలిశాక నిద్ర కూడా బాగా పట్టింది.

తనిఖీకి ముందురోజు త్లాకో ఊళ్ళోకి వచ్చింది. పటం ముందు గొంతుక్కూర్చుని చూసింది. ఇనెస్ జావ తెచ్చిచ్చినా తీసుకోలేదు.

"మీ అక్కకి అంత తెల్లటి గుడ్డ ఎక్కడిది?" అంది. "చాపలో చుట్టాను నేను. చిన్నదాన్ని ఉత్త చేతుల మీదే దింపాను. అప్పటికి చాపలైపోయాయి."

బల్తసార్ రంగు చిప్పలు ఒకదానిలో ఒకటి పేర్చాడు.

"అప్పుడు రాలేదు నువ్వు. ఇప్పుడు వచ్చావు, కాగితం మీదికి. బాగా గీశావు మరిదీ, ఎవరూ కాదనరు." మోకాళ్ళు పట్టుకుని లేచింది. "నేనెక్కడ ఇందులో?"

అతను వేలుపెట్టి చూపించాడు. మూటల మధ్య, కుడిపక్కన, గోరంత తలకాయ.

"ఊఁ" అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. పూజ అయ్యాక చర్చి ముంగిట్లో అందరినీ ఆపారు. జిల్లా అధికారి నీడలో కూర్చున్నాడు. పక్కన రాతగాడు, ఇటుపక్క దుబాసీ గాస్పర్. గాస్పర్ తల్లి ఈ ఊరిదే, తండ్రి స్పెయిన్‌వాడు. రెండు భాషలూ నీళ్ళలా వచ్చు. రెండువైపులా అతన్ని ఎవరూ భోజనానికి పిలవరు. బర్రియెంతోస్ అందరికీ టోపీ ఎత్తి నమస్కరించాడు. ఎండకి కమిలిన మొహం, నవ్వితే ముందుపన్ను లేదు. చెడ్డవాడిలా కనిపించడు. ఏ ఊళ్ళోనో పొట్ట గడవక ఓడెక్కి వచ్చినవాడు.

గాస్పర్ కాగితం చదివి చాటించాడు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ముందుకు రావాలన్నాడు. ఊళ్ళోవాళ్ళు తొరిబియో వైపు చూశారు. తొరిబియో చర్చి గంట వైపు చూశాడు.

ముందు పటం పరిచారు. అధికారి వంగి ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. తర్వాత రాతగాణ్ణి పిలిచి చూపించాడు. ఆ ఎరుపుని వేలితో తాకబోయి, చెడుతుందేమోనని వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరు గీశారిది?"

బల్తసార్ ముందుకొచ్చి శిలువ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు.

"దొరవారు మెచ్చుకుంటున్నారు, పెద్దాయనా" అన్నాడు గాస్పర్. "ఇలాంటి చెయ్యి నగరంలో కూడా చూడలేదంటున్నారు. ఇది వైస్రాయిగారి గదిలోకి వెళుతుందట."

బల్తసార్‌కి ఒళ్ళంతా వెచ్చబడింది. తండ్రి ఉండి వింటే బాగుండుననిపించింది.

"ఈ తెల్లమూటలేమిటి?" అని అడిగించాడు అధికారి.

"చచ్చిపోయినవాళ్ళు, దొరా."

"అందరూనా?"

"ఇన్ని ఇళ్ళలోనూ, అవును."

"వారసులున్నారా?"

"లేరు, దొరా. పిల్లలు కూడా..." ఇంకా చెప్పబోయాడు. నలభై మంది సంగతి, నగరం పని సంగతి, వారం నుంచి మనసులో వరస పెట్టుకున్న మాటలు. గాస్పర్ "లేరు" అన్న దగ్గరే అందుకుని చెప్పేశాడు. రాతగాడు రాసేసుకున్నాడు.

అప్పుడు త్లాకో జనంలోంచి వచ్చింది. ఉతికిన రవిక తొడుక్కుంది, జుట్టు ముడేసుకుంది. గడగడా మాట్లాడింది. తాము నాలుగిళ్ళవాళ్ళం బతికే ఉన్నామంది. మిగతా చేలు బీడు కావనీ, తను రెండు చేలు దున్నుతున్నాననీ, కిత్తలి తన తాత నాటిందనీ, ఊట నీళ్ళే కిందపేటకి కూడా ఆధారమనీ, ఇరవై ముగ్గురు తన చేతులమీదుగా ఆ మట్టిలోకి వెళ్ళారనీ, గొర్రెలు వాళ్ళ మీద నడవడానికి వీల్లేదనీ చెప్పింది. ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు కళ్ళొత్తుకున్నారు.

గాస్పర్ అధికారి వైపు తిరిగాడు. "ముసలావిడకి అక్కడ కొన్ని కిత్తలి మొక్కలున్నాయంటోంది" అన్నాడు స్పెయిన్ భాషలో.

బల్తసార్‌కి ఆ మాట అర్థమైంది. ఆ ముంగిట్లో ఊరివాళ్ళందరిలోకీ అతనొక్కడికే అర్థమైంది. త్లాకో అతని మొహంలోకే చూస్తోంది. అది కాదు ఆవిడ చెప్పింది అని ఒక్క ముక్క అనాలి. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే అధికారి పటం మీంచి తలెత్తి అతనికేసి మళ్ళీ ఓసారి తల ఊపాడు, ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి మెచ్చుకున్నట్టు. బల్తసార్ నోరు మూసుకుని వంగి దండం పెట్టాడు.

తర్వాత ఎన్నో ఏళ్ళు అతను ఆ క్షణాన్ని నెమరేసుకున్నాడు. భయపడ్డానని తనకు తాను చెప్పుకునేవాడు. భయమైతే కొంత నయంగా ఉండేది.

"ఆవిడకి ఊళ్ళో చర్చి దగ్గర ఇంటి స్థలం ఇవ్వండి" అన్నాడు అధికారి. రాతగాడు కలం ముంచి, పటం మధ్యలో, ఖాళీ కనిపించినచోట రాశాడు. బల్తసార్ తలకిందులుగానే చదివాడు. 'మనుషులు లేని బీడు. మంద కోసం అడిగిన స్థలం ఇదే.' అక్షరాలు పెద్దవి. చివరి మాట తోక సాగి కుడిపక్కనున్న గోరంత తలకాయ మీదుగా పోయింది.

మంజూరు కాగితం ఈస్టర్ ఉపవాసాల్లో వచ్చింది. రెండు వేల గొర్రెలు ఆ వెనకే వచ్చాయి. అవి మొదట గడ్డి తిన్నాయి, తర్వాత మొలకలు తిన్నాయి, తర్వాత కిత్తలి పిలకల్ని గిట్టలతో పెకిలించాయి. త్లాకో వడిసెలతో నాలుగు గొర్రెల కాళ్ళు విరగ్గొట్టింది. మంద కాపరులు ఆవిడ రెండు కుక్కల్నీ చంపి గుమ్మం ముందు పడేశారు. మిగతా మూడిళ్ళవాళ్ళు మూటలు కట్టుకుని ఊళ్ళోకి దిగిపోయారు. ఆవిడ మాత్రం ఇంకో రెండు నెలలు ఉంది.

బల్తసార్ వెళ్ళి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వదినా, ఇంకో పటం గీస్తాను. నువ్వు చెప్పినట్టే. ఇళ్ళు, పొగ, పంట. నేనే నగరానికి తీసుకెళ్ళి పెద్ద కోర్టులో పెడతాను."

"ఇప్పుడు గీస్తావా?"

"గీస్తాను."

"ఇప్పుడైతే అబద్ధం కాదా?"

అతను గుమ్మం ముందున్న గొర్రె పెంటికల్ని కాలితో పక్కకి తోశాడు. "నీ ఇష్టం" అందావిడ. "కాళ్ళు నీవి, దారి నీది."

రెండో పటం మూడు రోజుల్లో అయిపోయింది. చెయ్యి ఆడలేదు. తెరిచిన కళ్ళన్నీ ఒకేలా వచ్చాయి. పొగ తాళ్ళలా వచ్చింది. నాలుగు రోజులు నడిచి నగరం చేరాడు. కోర్టు గుమ్మంలో పదకొండు రోజులు పడిగాపులు కాశాడు, తనలాంటివాళ్ళు ఎన్నో ఊళ్ళనుంచి చుట్టలు చుట్టిన పటాలతో కూర్చుని ఉన్న ఆ అరుగు మీద. పన్నెండోరోజు లోపలికి పిలిచారు. న్యాయాధికారి అరవై దాటినవాడు, విసుగు లేకుండా మాట్లాడాడు. దస్త్రంలోంచి మొదటి పటం తీయించి, రెండూ పక్కపక్కన పరిపించాడు.

దుబాసీ అక్కర్లేకుండా నెమ్మదిగా, అర్థమయ్యేలా అడిగాడు. "రెండూ నీ చేతివేనా?"

"అవును, దొరా."

"ఇందులో అందరూ చచ్చిపోయారు. ఇందులో అందరూ బతికున్నారు. మధ్యలో ఏడాది కూడా లేదు. ఏది నిజం?"

బల్తసార్ రెండింటినీ చూశాడు. రెండోది నిజమంటే మొదటిదానికి చేసిన ప్రమాణం తప్పవుతుంది. కొరడా దెబ్బలు, జుట్టు కత్తిరింపు, ఊరేగింపు. అవి భరించగలననే అనుకుని వచ్చాడు. నాలుగు రోజుల దారి పొడుగునా అదే అనుకున్నాడు. కానీ పక్కపక్కన చూసేసరికి, రెండోదానిలో మార్తా గుమ్మంలో నవ్వుతున్నట్టు గీసిన ఆ మొద్దు బొమ్మ చూసేసరికి, అది తన చేతిదని చెప్పుకోవడమే సిగ్గనిపించింది. మొదటిదాని మీద ఎర్రరంగు ఇంకా తడిగా ఉన్నట్టే మెరుస్తోంది.

"మొదటిది" అన్నాడు.

"మొదటిది నిజం" అన్నాడు న్యాయాధికారి.

"నిజం, దొరా. కానీ అందులో ఒక తలకాయ... అక్షరాల కింద..."

న్యాయాధికారి అప్పటికే రెండోదాని మీద 'దొంగది' అని రాయిస్తున్నాడు. తర్వాత వంగి, బల్తసార్ వేలుపెట్టి చూపిస్తున్నచోట చూశాడు. "సిరా మరక" అన్నాడు. దొంగ పటం తెచ్చినందుకు దండించకుండా వదిలేశాడు, నిజం ఒప్పుకున్నాడు గనక.

ఇంటికి వచ్చేసరికి త్లాకో అతని పెరట్లోనే ఉంది. ఆవిడకిచ్చిన స్థలం పల్లంలో ఉందట, వానకి మోకాలెత్తు నీళ్ళు నిలిచాయట. ఇనెస్ వెళ్ళి తీసుకొచ్చింది. వంటింటి వెనక పాక వేసిచ్చారు.

"ఏమన్నారు?" అంది త్లాకో.

జరిగింది జరిగినట్టు చెప్పాడు. మొదటిదే నిజమని తన నోటితోనే చెప్పానని కూడా దాచలేదు. ఇనెస్ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

త్లాకో అరవలేదు, ఏడవలేదు. "అలాగా" అంది. తర్వాత "ఇనెస్, ఆ పిండి ఇలా తే, నేను రుబ్బుతాను. నీ చేతులు అలిసిపోయాయి" అంది. ఆరోజు నుంచి బల్తసార్‌తో మాట్లాడటం మానేసింది. అతను పెరట్లోకి వస్తే పని ఆపదు, తలెత్తదు. మరిది అనే పిలుపు ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఆ ఏడాది చివర మాతియాస్ మామ ముందు నిలబడి నేల గీకుతూ చెప్పాడు. "మామా, బర్రియెంతోస్ దగ్గర కాపరిగా కుదిరాను. మందలో పనిచేస్తే నగరం పనికి పిలవరట."

"ఎక్కడ కాస్తావు?"

"మీకు తెలీదా? అక్కడే."

అల్లుడు ఇంటిపట్టున ఉండాలనే కదా తను కోరుకున్నది. ఇప్పుడు ఉన్నాడు. వారానికోసారి మాంసం తెచ్చేవాడు, కత్తిరింపులప్పుడు తుక్కు ఉన్ని తెచ్చేవాడు. ఇనెస్ ఆ ఉన్ని వడికి దుప్పటి నేసింది. చలికాలం త్లాకోకి దగ్గు పట్టుకుంటే ఆ దుప్పటే కప్పింది. అది ఏ గొర్రెలదో అందరికీ తెలుసు. త్లాకో మొదటిరోజు తోసేసింది. రెండోరోజు చలికి ఒళ్ళు వణుకుతుంటే తనే లాక్కుని కప్పుకుంది.

మూడో ఏడు పసుపుమట్టి పేట ఊట ఎండిపోయింది. గడ్డి పోయిన కొండ మీంచి వానకి మట్టి జారి కిందపేట చేలని కప్పేసింది. గొర్రెలకి మేత చాలక బర్రియెంతోస్ పక్క లోయకేసి చూశాడు.

ఒకరోజు పొద్దున్నే గుర్రం దిగి, స్వయంగా బల్తసార్ ఇంటికి వచ్చాడు. గాస్పర్ వెంట ఉన్నాడు. బర్రియెంతోస్ టోపీ తీసి ఇనెస్‌కి నమస్కరించాడు.

"పక్క లోయ పటం కావాలంటున్నారు" అన్నాడు గాస్పర్. "నీ చెయ్యే కావాలట. నగరం కోర్టులో నీ పటం అంటే నమ్మకం కుదిరిందట. రెండు పెట్టి చూస్తే నిజమేదో నువ్వే చెప్పావట కదా. అలాంటివాడి మాట ఎవరూ తోసెయ్యరంటున్నారు."

పెరట్లో రుబ్బుడు చప్పుడు ఆగింది.

"గీయను" అన్నాడు బల్తసార్.

"ఆలోచించుకో, పెద్దాయనా. ఈ వయసులో..."

"గీయనని చెప్పు. ఈ ముక్కైనా ఉన్నదున్నట్టు చెప్పు."

గాస్పర్ మొహం ఎర్రబడింది. ఉన్నదున్నట్టే చెప్పాడు. బర్రియెంతోస్ కోప్పడలేదు. భుజాలెగరేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి తొరిబియో దగ్గర్నుంచి కబురొచ్చింది. పటాలు గీసేవాడు కనక ఇన్నాళ్ళూ బల్తసార్‌ని నగరం పని నుంచి తప్పించారు. గీయనివాడికి ఆ వెసులుబాటు లేదు. సోమవారం నలభై మందిలో అతనూ ఉండాలి.

సోమవారం ఇనెస్ రొట్టెలు కట్టి, కొంగు నోట్లో కుక్కుకుని పక్కకి తిరిగింది. బల్తసార్ పార భుజాన వేసుకున్నాడు. పాక ముందు త్లాకో నిలబడి ఉంది, దగ్గు ఆపుకుంటూ. మూడేళ్ళలో మొదటిసారి సూటిగా అతని మొహంలోకి చూసింది.

"గీయనన్నావట."

"అవును, వదినా."

"అంత చిన్నమాట. ఆ ఆదివారం ఎక్కడ పెట్టుకున్నావు?"

అడిగి ఆవిడ పాకలోకి వెళ్ళిపోయింది. పండగ రోజులకి అతను తిరిగొచ్చేసరికి ఆవిడని చర్చి వెనక పాతిపెట్టేశారు. పసుపుమట్టి పేటలో పాతడానికి మంద కాపరులు ఒప్పుకోలేదని మాతియాస్ చెప్పాడు. ఆ కాపరుల్లో తానూ ఒకణ్ణని చెప్పడానికి అతని నోరు రాలేదు.

మరుసటి వంతులో నగరం గట్టు మీద మట్టి మోస్తుంటే, పక్కన తట్ట పట్టుకున్నవాడు పక్క లోయవాడని తెలిసింది. బల్తసార్ అడిగాడు. వేరే ఊరినుంచి పాదిరీల బడిలో చదివిన, పటాలు గీసేవాణ్ణొకణ్ణి తెచ్చారట. రెండు రోజుల్లో గీసిచ్చాడట. బొమ్మ బాగా లేదట, కొండ కొండలా లేదట. అయినా పని జరిగిపోయిందట.

"ఇళ్ళు గీశాడా?" అన్నాడు బల్తసార్.

"ఏ ఇళ్ళు?" అన్నాడు ఆ మనిషి, తట్ట నెత్తికెత్తుకుంటూ. "గడ్డి గీశాడు."